కరెంటు ప్లాంటు వాళ్లతో సీఎస్ఆర్ మీటింగు: ఏం అడగాలి?

ముత్తుకూరు_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది కృష్ణపట్నం పోర్టు దగ్గర ఊరు. మా పక్క థర్మల్ ప్లాంటు వాళ్లు పోయిన వారం ఇంటింటికీ ఒక రంగుల పుస్తకం పంచారు. అట్ట మీద ‘పర్యావరణం, సామాజిక బాధ్యత’ అని ఉంది. మొదటి సగమంతా పచ్చదనం: మూడు వరసల చెట్లు, నూటికి నూరు శాతం బూడిద వినియోగం, పొగగొట్టం మీద ఇరవై నాలుగు గంటల నిఘా. రెండో సగం మా ఊళ్లు: ఆర్వో ప్లాంటు, కంటి క్యాంపు, కుట్టు మిషన్లు, బడికి బెంచీలు. ఒక ఫోటోలో మా పెద్దమ్మ కూడా ఉంది, కళ్లజోడు పెట్టించుకుంటా.

వచ్చే బుధవారం వాళ్ల సీఎస్ఆర్ (అంటే కంపెనీ సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) చూసే ఆఫీసరు పంచాయతీ ఆఫీసుకి వస్తాడంట. ఊరికేం కావాలో రాసి ఉంచమన్నారు. సర్పంచి ఆ పని చదువుకున్న కుర్రోళ్లకి అప్పజెప్పాడు. మేం కూర్చుంటే ఇప్పటిదాకా తేలినవి: ఊరి ముందర ఆర్చి, కల్యాణ మండపం, క్రికెట్ కిట్లు, గుడి ప్రహరీ. ఇవి అడగడానికేనా ఇంతమందిమి కూర్చుంది అనిపిస్తోంది నాకు. ఇట్టాంటి మీటింగులు చూసినోళ్లు ఉంటే చెప్పండి. ప్లాంటు పేరు రాయను, మా బాబాయి లోపల కాంట్రాక్టులో పనిచేస్తున్నాడు.

పెన్నా_వరద

ఆర్చే అడగండి తమ్ముడూ. బాగా వెడల్పుగా ఉండాలని మాత్రం రాయండి. బూడిద లారీలు ఇరుక్కోకూడదు కదా.

జోకు పక్కన పెడితే, ఆ పుస్తకం అచ్చు ఖర్చు ఏ పద్దులో రాశారో ముందు అది అడుగు.

ఒంగోలు_పద్దులు

@పెన్నా_వరద, ఆఫీసు ఖర్చుల కింద మొత్తం సీఎస్ఆర్ ఖర్చులో 5 శాతం మించి చూపకూడదు. కాబట్టి పుస్తకం పెద్ద విషయం కాదు, వదిలెయ్.

నేను ఒంగోల్లో ఆడిటర్ దగ్గర పనిచేస్తా. తమ్ముడికి పనికొచ్చేది చెప్తా. సీఎస్ఆర్ అనేది 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. అందరూ 2 శాతం దగ్గరే ఆగిపోతారు, లాభం అన్న మాట చూడరు. థర్మల్ ప్లాంటు వేల కోట్ల అప్పుతో కడతారు. మొదటి కొన్నేళ్లు వడ్డీకే సరిపోతుంది. సగటు మైనస్‌లో ఉంటే చట్టం ప్రకారం కట్టాల్సింది సున్నా. అందుకని మీటింగుకి ముందు ఆ కంపెనీ వార్షిక నివేదిక దించుకుని, చివర్లో ఉండే సీఎస్ఆర్ అనుబంధం చదువు. ఎంత పెట్టాల్సి వచ్చింది, ఎంత పెట్టారు, ఏ పనికి, ఏ జిల్లాలో, నేరుగా చేశారా ఎవరి చేతనైనా చేయించారా, ఇవన్నీ అందులో ఉండాలి. కేంద్రం వాళ్ల సీఎస్ఆర్ పోర్టల్లో కూడా కంపెనీ పేరు కొట్టి చూడొచ్చు.

‘స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం’ అని చట్టంలో ఉంది. అది చూపించి గట్టిగా మాట్లాడదామనుకుంటారు చాలామంది. 2021లో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చిన సర్క్యులర్లో మాత్రం అది సూచనే, తప్పనిసరి కాదు అన్నారు. ఆఫీసరుకి ఆ సంగతి తెలిసే ఉంటుంది. మీకూ తెలిసుండాలి.

ఇంకో సంగతి. ఖర్చుకాని డబ్బు ఒక్క ఏడాదిలో ముగియని, కొనసాగే పనిది అయితే, మార్చి 31 దాటిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, మూడేళ్లలో వాడాలి. కొనసాగే పని కాకపోతే ఆరు నెలల్లో ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి కేంద్ర నిధులకి పోతుంది. అంటే మీరు మార్చిలో నిద్రలేచి అర్జీ పెడితే మీ ఊరికి రావాల్సిన డబ్బు ఢిల్లీలో ఉంటుంది. ఏడాది ప్లాను బోర్డు ముందే ఆమోదిస్తుంది కాబట్టి మీ పని అందులో ఎక్కాలి.

ముత్తుకూరు_కుర్రోడు

అన్నా థ్యాంక్స్. లాభం సంగతి మాలో ఒక్కడికీ తెలియదు. అయితే వాళ్లు నష్టాల్లో ఉన్నామంటే ఇంక మనం అడగడానికేమీ ఉండదా?

రిటైర్డ్_బాయిలర్

ఉంటుంది, నాయనా. విజయవాడ, ముద్దనూరు థర్మల్ ప్లాంట్లలో చేసి చివరకు మీ వైపు కూడా కొన్నాళ్లు ఉన్నాను. పద్దులు బాబు కంపెనీల చట్టం చెప్పాడు, నేను రెండో కాగితం సంగతి చెప్తా. దాన్ని మేం ఈసీ అంటాం. కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చే పర్యావరణ అనుమతి. అది లేకుండా ప్లాంటుకి పునాది కూడా తీయకూడదు.

నువ్వు చెప్పిన పుస్తకంలో మొదటి సగం మొత్తం ఈసీలో ఉండే షరతులే. ప్లాంటు చుట్టూ మూడు వరసల పచ్చటి పట్టీ, హెక్టారుకి 2500 చెట్లకి తగ్గకుండా, అందులో 80 శాతం బతికేట్టు చూడాలని థర్మల్ ఈసీల్లో మామూలుగా రాస్తారు. బూడిద చెరువు అడుగున ప్లాస్టిక్ పొర వేయాలి. చుట్టుపక్కల బోర్లలో పాదరసం, ఆర్సెనిక్, సీసం, క్రోమియం పరీక్షించాలి. పొగగొట్టానికి ఆన్‌లైన్ మీటర్లు పెట్టి కాలుష్య మండలికి కలపాలి. ఇవి చేయకపోతే ప్లాంటు నడపడానికి లేదు. చేసినందుకు ఫోటో వేసుకోవచ్చు, మేం కూడా వేసుకునేవాళ్లం. కానీ దాన్ని ఊరికి చేసిన ఉపకారంగా చెప్తే తలాడించకండి. సీఎస్ఆర్ నిబంధనల్లోనే ఉంది, వేరే చట్టం కింద ఎటూ చేయాల్సిన పని సీఎస్ఆర్ లెక్కలోకి రాదని.

నీ ప్రశ్నకి వస్తా. 2009కీ 2013కీ మధ్య వచ్చిన థర్మల్ ఈసీల్లో చాలావాటిలో ఒక షరతు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల కోసం మొదట్లో ఒకేసారి ఇన్ని కోట్లు, తర్వాత ప్లాంటు నడిచినంత కాలం ఏడాదికి ఇన్ని కోట్లు ఖర్చు పెట్టాలని అంకెతో సహా రాసేవారు. దానికి లాభంతో పని లేదు. పంచాయతీలతోనూ జిల్లా యంత్రాంగంతోనూ మాట్లాడి పనులు ఎంచుకోవాలని, దగ్గర్లోని పేరున్న ప్రభుత్వ సంస్థ చేత సోషల్ ఆడిట్, అంటే ఆ పనులు ఊళ్లకి అందాయో లేదో తనిఖీ, చేయించాలని కూడా ఉండేది. మీ పక్క ప్లాంటు ఈసీలో ఆ మాట ఉందో లేదో చూడాలి.

ఎక్కడ చూడాలంటావా? ఈసీ వచ్చినప్పుడు కంపెనీ ఒక కాపీ మీ పంచాయతీకి పంపాలి. అది కూడా షరతే. సర్పంచిని అడిగి బీరువా తీయించు. దొరక్కపోతే పర్యావరణ అనుమతులుండే కేంద్రం పరివేశ్ వెబ్‌సైటు, లేదంటే కంపెనీ సొంత వెబ్‌సైటు. ఈసీ షరతులు ఎంతవరకు పాటించారో ఆరు నెలలకోసారి, జూన్ 1కీ డిసెంబరు 1కీ నివేదిక ఇవ్వాలి, దాన్ని వెబ్‌సైట్లో పెట్టాలి. రంగుల పుస్తకం పక్కన పెట్టి ఆ నివేదిక చదువు. బొమ్మలుండవు, ఓపిక కావాలి.

పెన్నా_వరద

పెద్దాయనా, ఇన్నేళ్లు లోపల ఉండి ఇప్పుడు చెప్తున్నారా ఇవన్నీ?

రిటైర్డ్_బాయిలర్

అప్పుడు ఎవరూ అడగలేదయ్యా. మీటింగుకి వచ్చినోళ్లంతా ఆర్చి అడిగారు.

బకింగ్‌హాం_గట్టు

మాది పట్టపుపాళెం. మా మాట కూడా రాసుకో తమ్ముడూ, మా వాళ్లు ఎవురూ మీటింగుకి రారు. ఎందుకు రారంటే మీరు పెట్టే టైముకి సంద్రం మీద ఉంటారు.

పోయిన తడవ మెడికల్ క్యాంపు పెట్టినారు. పొద్దున పదింటికి. మొగోళ్లు ఎవురూ లేరు, ఆడోళ్లు చేపలు అమ్మడానికి పొయ్యుండారు. ముసిలోళ్లూ పిలకాయలే పోయి బీపీ చూపించుకున్నారు. ఐసు పెట్టెలు ఇచ్చినారు, మంచియే, కాదనను. మూత మీద కంపెనీ పేరు చేతెడు అక్షరాలతో. ఇచ్చింది ఏప్రిల్ నెలాఖరులో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఫోటోలో మా వోళ్లు ఖాళీ పెట్టెలు పట్టుకుని నవ్వతా ఉంటారు.

మాకు కావాల్సింది వేరే. ప్లాంటు నీళ్లు వదిలే కాలువ నోటి దగ్గర వేడి ఎంతుందో చెప్పేవోడు లేడు. ఆ పక్క వల వేస్తే ముందు మాదిరి పడట్లేదని మా నాయన అంటాడు. పోర్టు తవ్వకం వల్లో, వేడి వల్లో, రొయ్యల గుంటల నీళ్ల వల్లో మాకేం తెలుసు. కొలిచి చెప్పమని అడగండి.

రిటైర్డ్_బాయిలర్

@బకింగ్‌హాం_గట్టు, మంచి మాట అన్నావు. సముద్రపు నీళ్లతో చల్లబరుచుకునే కొత్త ప్లాంట్లు వదిలే నీళ్ల వల్ల, అవి కలిసే చోటి నీళ్ల వేడి మామూలు కంటే 7 డిగ్రీలకి మించి పెరగకూడదని 1998 నుంచీ నిబంధన ఉంది. కొలవడం కష్టం కాదు, లోపల ఎటూ కొలుస్తూనే ఉంటారు. కాలువ నోటి దగ్గర పెద్ద అంకెలతో ఒక బోర్డు పెట్టమనండి, పడవ మీద నుంచి కనపడేలా. లోపలికెళ్లే నీళ్లు ఇంత, బయటికొచ్చే నీళ్లు ఇంత అని. లక్షలు పోసే పని కాదు.

రొయ్యల_రాయుడు

టీపీ గూడూరు మండలం నుంచి. నాకు మూడు గుంటలున్నాయి, పక్కనే కొంచెం వరి కూడా. మొలగొలుకులు పండిన నేల మాది, ఇప్పుడు బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం. ప్లాంట్లు వచ్చాకే ఇట్టయింది. పుస్తకంలో బూడిద చెరువు కింద ప్లాస్టిక్ వేశామని రాస్తే సరిపోయిందా? చిరిగితే ఎవరు చూశారు? మా మేనల్లుడు టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే రీడింగు ఎగిరింది. నష్టపరిహారం తప్ప ఇంకేం అడగొద్దు అంటాను నేను.

పెన్నా_వరద

@రొయ్యల_రాయుడు, అన్నా, ఉప్పునీళ్లు తెచ్చి గుంటల్లో నింపింది కూడా ప్లాంటేనా?

రొయ్యల_రాయుడు

మా గుంటలు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీలో రిజిస్టరయినాయి. నీకు తెలియకపోతే మాట్లాడొద్దు. గుంటల కింద బ్యాంకులోన్లు, ఫీడు బాకీలు ఎంతున్నాయో, ఒక పంట పోతే ఎంత టెన్షనో నెల్లూరులో కూర్చుని అనేవాళ్లకి ఏం తెలుస్తుంది.

మోడరేటర్

ఇద్దరూ కాస్త తగ్గండి. విషయం మీద మాట్లాడుకుందాం. ఒక పోస్టులో ఒక ఉద్యోగి పేరు, ఫోను నంబరు ఉన్నాయి, తీసేశాం. దయచేసి మనుషుల పేర్లు పెట్టొద్దు.

రిటైర్డ్_బాయిలర్

రాయుడు గారూ, మీ బాధ నిజమే, కానీ టీడీఎస్ మీటరు పట్టుకుని ఆఫీసరు ముందు కూర్చుంటే ఆయన ఒక్క నిమిషంలో తీసిపారేస్తాడు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు. సముద్రం ఎక్కినా పెరుగుతుంది, గుంట ఊరినా పెరుగుతుంది, బూడిద చెరువు కారినా పెరుగుతుంది. ఏది ఎక్కడిదో దాంతో తెలియదు. ఉప్పునీరైతే క్లోరైడు బాగా ఎక్కువ ఉంటుంది. బూడిద నుంచి ఊరిన నీళ్లలో సల్ఫేటు, బోరాన్ కనిపిస్తాయి, ఒక్కోసారి ఆర్సెనిక్ కూడా. అందుకని ఆ నాలుగూ విడివిడిగా పరీక్షించాలి. బూడిద చెరువుకి దగ్గర బోరు ఒకటి, మీ గుంటల పక్కది ఒకటి, రెండింటికీ దూరంగా ఉన్నది ఒకటి, మూడూ ఒకే రోజు తీయాలి. ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి.

పరీక్ష కంపెనీ ల్యాబులో వద్దు, మీ మేనల్లుడి చేతా వద్దు. ముత్తుకూరులోనే ఫిషరీస్ కాలేజీ ఉంది, ప్రభుత్వానిది. నీళ్ల సంగతి వాళ్లకి కొట్టిన పిండి. ఖర్చు కంపెనీది, శాంపిలు తీసేటప్పుడు ఊరి మనుషులుండాలి, ఫలితం పంచాయతీ గోడ మీద అంటించాలి. పరిహారం మాట ఆ కాగితం చేతికొచ్చాక ఎత్తండి. అప్పుడు పర్యావరణ కేసులు చూసే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌కి పోయినా దానికి విలువుంటుంది.

రొయ్యల_రాయుడు

సరే పెద్దాయనా. బోరాన్ సంగతి ఎవరూ చెప్పలేదు మాకు. కానీ మా గుంటల నీళ్లు కూడా పరీక్ష చేస్తామంటే మా వాళ్లలో సగం మంది ఒప్పుకోరు. ఆ మాట ముందే చెప్తున్నా.

కనిగిరి_పిల్ల

మాది పాత ప్రకాశం జిల్లా కనిగిరి పక్క. థర్మల్ ప్లాంట్లు మాకు లేవు, ఫ్లోరైడ్ ఉంది. కాబట్టి ఆర్వో ప్లాంట్ల గురించి మమ్మల్ని అడగండి, ఎన్ని వచ్చాయో, ఎన్ని పాడుబడ్డాయో చూశాం.

మా ఊరికి ఒక కంపెనీ సీఎస్ఆర్ కింద ఆర్వో ప్లాంటు పెట్టింది. పేరు అనవసరం. నీలం రంగు షెడ్డు, స్టీలు ట్యాంకు, కాయిన్ వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండే మిషను. ఎమ్మెల్యే వచ్చి రిబ్బను కత్తిరించాడు. మొదటి ఏడాది బ్రహ్మాండం. రెండో ఏడాది నీళ్లు సన్నగా రావడం మొదలైంది. మెంబ్రేను, అదే నీళ్లు వడగట్టే పొర, పోయిందన్నారు. మార్చడానికి డబ్బు ఎవరివ్వాలి? కంపెనీ వాళ్లు పంచాయతీకి అప్పజెప్పేశాం అన్నారు. పంచాయతీ వాళ్లు మాకు కాగితం రాలేదు అన్నారు. కాయిన్ల డబ్బు ఆపరేటరు జీతానికే చాలలేదంట. ఇప్పుడు ఆ షెడ్డులో పచ్చిగడ్డి మోపులు పెడుతున్నారు, బోర్డు మాత్రం తళతళలాడతా ఉంది.

ఇంకోటి. ఆర్వోలో ఎంత మంచినీళ్లు వస్తాయో, అంతో అంతకు మించో వ్యర్థపు నీళ్లు బయటికి పోతాయి. ఫ్లోరైడంతా చిక్కబడి అందులోనే ఉంటుంది. మా ఊళ్లో దాన్ని పైపు పెట్టి పక్కనున్న ఎండిన వాగులోకి వదిలారు. అది ఇంకి మళ్లీ ఎక్కడికి పోతుంది? మా బోర్లలోకే. పుస్తకంలో ‘వెయ్యి కుటుంబాలకు సురక్షిత నీరు’ అని పడుతుంది, ఈ పైపు ఫోటో పడదు. మీరు ఆర్వో అడిగితే ఆ నీళ్లు ఎటు పోతాయో ముందే తేల్చుకోండి.

ఒంగోలు_పద్దులు

@కనిగిరి_పిల్ల చెప్పినదానికి నిబంధనల్లో మందుంది. 2021 జనవరి నుంచి సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తిని కంపెనీ తన పేర ఉంచుకోకూడదు. రిజిస్టరయిన ట్రస్టో సొసైటీయో, లబ్ధిదారుల సంఘమో, లేదంటే ప్రభుత్వ సంస్థో, ఎవరో ఒకరి పేర ఉండాలి. కాబట్టి ‘పంచాయతీకి అప్పజెప్పాం’ అన్నది నోటిమాటగా చెల్లదు. అప్పగింత కాగితం మీద తేదీ, వస్తువుల జాబితా, గ్యారంటీ కార్డులు, అన్నీ ఉండాలి.

నిర్వహణకి కూడా దారుంది. పనిని ‘కొనసాగే ప్రాజెక్టు’గా పెట్టిస్తే, మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్ల దాకా దాని మీద ఖర్చుపెట్టొచ్చు. మెంబ్రేన్లు, ఆపరేటరు జీతం, నీటి పరీక్ష అన్నీ మొదటి రోజే బడ్జెట్లో రాయించండి. షెడ్డు కట్టించడం తేలిక, ఎవరైనా కడతారు. మూడో ఏడాది మెంబ్రేను ఎవరు కొంటారో దాని మీద సంతకం పెట్టించండి.

పొదుపు_లీడర్

అందరూ పెద్ద పెద్ద విషయాలు మాట్లాడతా ఉండారు, మధ్యలో ఒక మాట. కుట్టు మిషన్లు వద్దని రాయండి బాబూ. మా గ్రూపుల్లో ఆడోళ్లకి మూడు నెలల ట్రైనింగు ఇచ్చారు, సర్టిఫికెట్లు ఇచ్చారు, మిషన్లూ ఇచ్చారు. ఊళ్లో ఉన్నదే రెండొందల గడప. ముప్పై మంది జాకెట్లు కుడితే వేయించుకునేవాళ్లు ఎవరు? ప్లాంటు క్యాంటీను, గెస్టుహౌసు దుప్పట్లు ఉతకడం, వర్కర్ల యూనిఫాం కుట్టడం, ఇవి నెల్లూరు కాంట్రాక్టర్లకి పోతున్నాయి. అందులో ఒక్కటి మా సంఘానికి ఇస్తే సీఎస్ఆరే అక్కర్లేదు, మామూలు వ్యాపారంగానే ఇవ్వొచ్చు.

రెండోది దుమ్ము. మిద్దె మీద మిరపకాయలు ఎండబెడితే సాయంత్రానికి తుడుచుకోవాల్సి వస్తా ఉంది. చిన్నపిల్లలకి దగ్గు తగ్గదు. క్యాంపుకి వచ్చే డాక్టరు దగ్గుమందు ఇచ్చి పోతాడు. ఊపిరి కొలిచే మిషను ఉంటుందంట, దాంతో బడిపిల్లలందరికీ ఏడాదికోసారి చూసి, రాసి పెట్టాలి. ఒక ఏడాదిది ఇంకో ఏడాదితో పోల్చి చూసినోళ్లే లేరు.

పెన్నా_వరద

అక్క చెప్పిన దుమ్ముకి కారణం గంధకం పట్టే మిషన్లు పెట్టకపోవడమే. 2015 డిసెంబర్లో పెట్టమన్నారు, గడువులు పెంచుకుంటూ పోయి 2025 జులైలో చాలా ప్లాంట్లకి అక్కర్లేదనేశారు. ఇంక పర్యావరణ బాధ్యత పుస్తకాలెందుకు?

రిటైర్డ్_బాయిలర్

2025 మాట నిజం. పది లక్షల జనాభా దాటిన నగరాలకి 10 కిలోమీటర్లలోపు ఉన్నవి ఒక తరగతి, తీవ్ర కాలుష్య ప్రాంతాల పక్కనున్నవి ఒక తరగతి, మిగతావన్నీ మూడో తరగతి. మూడో తరగతికి పొగగొట్టం ఎత్తు నిబంధన సరిపోతే చాలన్నారు. దేశంలో ఎక్కువ ప్లాంట్లు అందులోకే వచ్చాయి. అది సరైన నిర్ణయమా అంటే నేను కాదనే అంటా. కానీ అమ్మాయి చెప్పిన దుమ్ముకీ దానికీ సంబంధం లేదు. ఆ మిషను పట్టేది గంధకపు వాయువుని, అది కంటికి కనపడదు. బూడిదని పట్టేది వేరే, కరెంటు పలకలతో లాగే ఈఎస్పీ. 2003 తర్వాత 2016 లోపల వచ్చిన ప్లాంట్ల పొగలో రేణువులు ఘనపు మీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదు, 2017 నుంచి వచ్చినవాటికి 30. ఆ పలకల్లో కొన్ని పనిచేయకపోయినా ప్లాంటు నడుస్తుంది, మీటరు మాత్రం చెప్తుంది. ఆ మీటరు రీడింగే మీరడగాల్సింది.

మిద్దె మీద పడింది ఎక్కడిదో మీరే కొంత కనిపెట్టొచ్చు. తెల్లటి గుడ్డతో తుడవండి. నల్లగా, కాస్త మెరుస్తా గరుగ్గా ఉంటే బొగ్గుపొడి. అది పొగగొట్టం నుంచి రాదు, బొగ్గు యార్డు, కన్వేయరు, పోర్టు వ్యాగన్ల వైపు చూడాలి. బూడిదరంగుగా, పౌడరులా వేళ్లకి జారుడుగా అంటుకుంటే బూడిద. మళ్లీ అందులోనూ గొట్టం నుంచి వచ్చిందా, లారీ నుంచి రాలిందా అన్నది చూడాలి. రోడ్డు పక్క ఇళ్లకే ఎక్కువుంటే లారీలే.

లారీల సంగతి చెప్పాలంటే లెక్క కావాలి. మన దేశపు బొగ్గయితే యూనిట్ కరెంటుకి సుమారు 600 నుంచి 700 గ్రాములు కాలుతుంది. 800 మెగావాట్ల ప్లాంటు ఒకటి పూర్తిగా నడిస్తే రోజుకి 12 వేల టన్నుల పైచిలుకు. అందులో మూడో వంతుకి పైనే బూడిద. దిగుమతి బొగ్గు కలిపితే తగ్గుతుంది, అయినా రోజుకి వేల టన్నుల బూడిద. 2021 డిసెంబరు 31 నోటిఫికేషను ప్రకారం ఏ ఏడాదైనా 80 శాతానికి తగ్గకుండా, మూడేళ్ల సగటున నూరు శాతం బూడిదని సిమెంటుకో ఇటుకలకో రోడ్లకో పంపాలి. పంపకపోతే టన్నుకి 1000 రూపాయలు జరిమానా. పుస్తకంలో ‘నూరు శాతం వినియోగం’ అని పడింది ఇదే. అది నిజమైతే ఆ వేల టన్నులూ మీ ఊరి రోడ్డు మీదుగానే పోతున్నాయని అర్థం. కాబట్టి అడగాల్సింది పైన టార్పాలిన్ పట్టాలు కట్టిన లారీలు, గేటు దగ్గర చక్రాలు కడిగే గుంత, రాత్రి పది దాటితే ఊళ్లోంచి పోకుండా వేరే దారి.

బకింగ్‌హాం_గట్టు

గుడ్డ పెట్టి తుడిస్తే మా పాళెంలో నల్లగానే వచ్చింది. అయితే మాది పోర్టు వైపు లెక్క.

ఒంగోలు_పద్దులు

ఒక చిన్న మాట. ప్రభుత్వ రంగంలో ఉన్న ప్లాంటయితే సమాచార హక్కు దరఖాస్తు నేరుగా వాళ్లకే పెట్టొచ్చు. నేలటూరు దామోదరం సంజీవయ్య ప్లాంటు లాంటిది. ప్రైవేటుదయితే వాళ్లకి వర్తించదు కానీ, కాలుష్య నియంత్రణ మండలికి వర్తిస్తుంది. వాళ్లు ఇచ్చిన రీడింగులన్నీ మండలి దగ్గర ఉంటాయి, అక్కడ పది రూపాయల దరఖాస్తు చాలు. ఆ వైపు ప్లాంట్లు చేతులు కూడా మారాయి. సెంబ్‌కార్ప్‌వి 2023లో ఒమాన్ వాళ్ల కంపెనీకి పోయాయి, తమ్మినపట్నం మీనాక్షి అదే ఏడాది వేదాంతకి పోయింది. యజమాని మారినా ఈసీ షరతులు ప్లాంటుతోనే వస్తాయి. పాత కంపెనీ ఒప్పుకుంది మాకు తెలియదు అంటే ఒప్పుకోకండి.

ముత్తుకూరు_కుర్రోడు

దొరికింది! పంచాయతీ ఆఫీసు బీరువా అడుగు అరలో, పాత ఓటర్ల లిస్టుల కింద. ఇంగ్లీషులో ఉంది, అంచులు చెదలు తినింది కానీ చదవొస్తోంది. సర్పంచికీ తెలియదు అది అక్కడుందని.

పెద్దాయన చెప్పిన షరతు ఉంది. ఒకేసారి పెట్టాల్సింది ఇంత, ఆ తర్వాత ఏడాదికి ఇంత అని రూపాయల్లో. అంకె ఇక్కడ రాస్తే ఏ ప్లాంటో తెలిసిపోతుంది కాబట్టి రాయను. సోషల్ ఆడిట్ మాట కూడా ఉంది. ఆ ఆడిట్ రిపోర్టు మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

నిన్న రాత్రి మళ్లీ కూర్చున్నాం. ఆర్చి కొట్టేశాం. గుడి ప్రహరీ దగ్గర గొడవయింది, పెద్దోళ్లు వదలం అన్నారు, చందాలేసుకుని కడదామని ఒప్పించాం. క్రికెట్ కిట్లు మాత్రం ఉంచాం, మా వాళ్లు ఊరుకోరు. మిగతా కాగితంలో: సోషల్ ఆడిట్ కాపీ, మూడు బోర్ల పరీక్ష ఫిషరీస్ కాలేజీ చేత, నీళ్లు వదిలే చోట వేడి చెప్పే బోర్డు, లారీలకి వేరే దారి, పిల్లలకి ఊపిరి పరీక్ష, సంఘానికి యూనిఫాం కుట్టే ఆర్డరు. ఉన్న ఆర్వోకి అప్పగింత కాగితం, మెంబ్రేను ఖర్చు. మీటింగు టైము కూడా మార్చమని అడిగాం, సాయంత్రం ఆరింటికి పెడతామన్నారు. @బకింగ్‌హాం_గట్టు అన్నా, మీ పాళెం నుంచి ఇద్దరైనా రావాలి.

ఒంగోలు_పద్దులు

శెభాష్. ఒక్కటి జాగ్రత్త. ఈసీలో ఉన్న డబ్బుకీ కంపెనీల చట్టం 2 శాతానికీ రెండు వేరు వేరు పట్టికలు అడుగు, అయిదేళ్లవి. ఒకే ఆర్వో ప్లాంటు రెండు పట్టికల్లోనూ కనపడిందా చూడు. కనపడితే మీటింగులో అరవొద్దు, మినిట్సులో రాయించి సంతకం తీసుకో.

పెన్నా_వరద

మినిట్సు తెలుగులో రాయించండి. నేనూ వస్తా, నెల్లూరు నుంచి ఎంత దూరం. ఆర్చి జోకు మాత్రం అక్కడ వేయను.

బకింగ్‌హాం_గట్టు

ఆరింటికయితే వస్తాం. మా నాయన్ని కూడా తీసుకొస్తా, కాలువ నోరు ముందు యాడుండేదో, ఇప్పుడు యాడుందో ఆయనకే బాగా తెలుసు.

రొయ్యల_రాయుడు

తమ్ముడూ, వెబ్‌సైట్లో జూన్ నివేదిక దొరికిందా? దాంట్లో భూగర్భజలాల పట్టిక ఉంటుందంట కదా. ఆ పేజీ ఫోటో ఇక్కడ పెట్టు. ఏ ఏ ఊళ్ల బోర్లు తీసుకున్నారో, మా వైపుది ఒక్కటైనా ఉందో లేదో బుధవారం లోపల చూడాలి.